బాణం గుర్తు దగ్గర ఆగిపోయినవాళ్ళు



శనివారం సాయంత్రం మన మందిరంలో పది పదిహేను మంది ఫోన్లు పట్టుకుని చాపల మీద కూర్చుంటున్నారని, పాస్టరుగారే దగ్గరుండి కూర్చోబెడుతున్నారని కొందరికి అభ్యంతరంగా ఉన్నట్టు మా దాకా వచ్చింది. ఎదురుగా అడిగినవాళ్ళకు ఎదురుగానే చెప్పాం. అడగకుండా మనసులో పెట్టుకున్నవాళ్ళ కోసం, పట్నాల్లో ఉండి ఇది చదువుతున్న మన బిడ్డల కోసం ఇక్కడ రాస్తున్నాం. మీ అమ్మానాన్నలకు మీరు చేయవలసిన పని కూడా ఇందులో కొంత ఉంది.

అక్కడ జరిగేది ఒక్కటే. వెబ్‌సైటులో ఉన్న వాక్యాన్ని, పాటను, పాత పుస్తకాన్ని తమ ఫోనులోకి తామే దించుకోవడం కొత్తవాళ్ళకు నేర్పుతున్నాం. కొత్తవాళ్ళంటే రెండు రకాలు. నిరుడో మొన్నో ప్రభువును తెలుసుకుని సంఘానికి వచ్చినవాళ్ళు కొందరు. ముప్పై ఏళ్ళుగా మందిరంలో ముందు వరుసలో కూర్చుంటూ, ఫోనులో మాత్రం పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప ఎరగనివాళ్ళు కొందరు. చాప మీదికి వచ్చాక ఇద్దరిదీ ఒకే అవస్థ.

పదేళ్ళ కిందటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. బస్టాండు పక్కన సెల్ షాపులో చిప్పు ఇస్తే ఇరవై రూపాయలకు పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. క్రైస్తవ పాటలు వంద అడిగితే వందా ఎక్కించి, మనం అడగని సినిమా పాటలు ఒక యాభై ఉచితంగా కలిపేవాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, నెట్ చవకైంది, టచ్ ఫోను పల్లెకు చేరింది. చిప్పు ఎక్కించేవాడి పని పోయింది. ఎక్కడ ఏముందో వెతికి, మంచిదో చెడ్డదో చూసి, మన చేతిలో పెట్టే ఆ మనిషి స్థానంలోకి మాత్రం ఎవరూ రాలేదు. ఆ పని ఇప్పుడు డెబ్బై ఏళ్ళ మామ్మగారి వేలి మీద పడింది.

"యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా అయ్యగారూ, మళ్ళీ దించుకోవడం ఎందుకు?" అని యవ్వనస్థులు అడుగుతారు. వాళ్ళకు రోజూ నెట్ ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కానీ మన ఊరి కొండ వెనక్కి వెళితే సిగ్నల్ ఉండదు. మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్ళే మన కుటుంబాలు రెండు మూడు నెలలు పొలాల్లో పట్టాలు కట్టుకుని ఉంటాయి. అక్కడ ఆదివారం మందిరం లేదు. రీఛార్జి అయిపోతే కూలి డబ్బు చేతికి వచ్చేదాకా మళ్ళీ వేయించరు. ఉన్న నెట్టు కూడా వీడియో చూస్తే ఇట్టే కరిగిపోతుంది. పైగా ప్రార్థన మధ్యలో పేకాట ఆట ప్రకటన వచ్చి పడుతుంది. కన్నీళ్ళతో మోకాళ్ళ మీద ఉన్న మనిషి చెవిలో, డబ్బు గెలుచుకోండి అనే అరుపు! దించి పెట్టుకున్న వాక్యానికి ఈ బెడద లేదు. నెట్ ఉన్నా లేకపోయినా అది వాళ్ళది.

ఇక మనకు అలవాటైన వెబ్‌సైటు కొత్తవాళ్ళ కళ్ళకు ఎలా ఉంటుందో ఒకసారి వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడికి ప్రతి దుకాణమూ పిలుస్తున్నట్టే ఉంటుంది కదా, అట్లా ఉంటుంది. పైన ఏదో బొమ్మ కదులుతూ ఉంటుంది. మధ్యలో ఒక పెట్టె లేచి కుకీలకు ఒప్పుకుంటారా అని ఇంగ్లీషులో అడుగుతుంది. అది మూయకముందే నోటిఫికేషన్లు పంపమంటారా అని ఇంకొకటి. మనం వాటిని చూడకుండానే పక్కకు తోసేస్తాం. కొత్తవాళ్ళు ప్రతి అక్షరం ముందూ ఆగుతారు. తప్పు నొక్కితే ఫోను పాడవుతుందేమో, డబ్బు పోతుందేమో, కొడుకు తిడతాడేమో అన్న భయం. చివరికి తమకు కావలసిన ఆ కింది బాణం గుర్తు ఎదురుగానే ఉన్నా దాన్ని నొక్కడానికి ధైర్యం చాలదు. ఎక్కువమంది అక్కడే ఆగిపోయారు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మన సంఘంలో తాపీ పని చేసే తమ్ముడు ఒకరు క్రిస్మస్ ముందు ఒక పాట కోసం వెతికాడు. వచ్చిన పేజీలో డౌన్‌లోడ్ అని మూడు చోట్ల ఉంది. అన్నిటికంటే పెద్దగా, పచ్చగా ఉన్నదాన్ని నొక్కాడు. అసలు బటన్ కింద చిన్న అక్షరాల్లో ఉంది, పచ్చది ప్రకటన. ఫోనులోకి దిగింది పాట కాదు, ఏపీకే అనే రకం ఫైలు, అంటే ఒక యాప్. అది మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే సరే అన్నాడు. ఆ రాత్రి బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీలు అతనికంటే ముందు ఇంకెవరో చదివారు. భార్య కాన్పుకని దాచిన పదకొండు వేలు తెల్లారేసరికి లేవు.

అతను సిగ్గుతో నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అదే అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టిన సంగతి. ఇటువంటిది జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్ నేరాలకు దేశమంతటికీ అదే నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు దారిలో ఆపడానికి అంత వీలుంటుంది. నాలుగు రోజుల తర్వాత చెబితే ఫిర్యాదు రాసుకోవడం వరకే మిగిలింది. ఆ నంబరు మందిరం గోడ మీద రాయించాం. సంఘం చందా వేసుకుని కాన్పు ఖర్చు చూసుకుంది, బిడ్డ క్షేమం, దేవునికి స్తోత్రం. కానీ ఆ వార్త తెలిశాక మన స్త్రీల సమాజంలో సగం మంది పెద్ద ఫోన్లు పెట్టెలో పెట్టేశారు. "మాకొద్దు అయ్యగారూ, మాకు బటన్ ఫోనే చాలు" అన్నారు. వాళ్ళ ఫోన్లతో పాటు వాళ్ళు వింటున్న వాక్యం కూడా పెట్టెలోకి పోయింది. శనివారం చాపలు వేసింది ఆ తర్వాతే.

ఇక ఎలా నేర్పుతున్నామో చెబుతాం. మొదటి నియమం: వాళ్ళ ఫోను మన చేతిలోకి తీసుకోం. ఇది చెప్పినంత తేలిక కాదు. మన యవ్వనస్థులు మంచి పిల్లలే, కానీ ఓపిక తక్కువ. "ఇటివ్వండి మామ్మా, నేను చేసిస్తా" అని లాక్కుంటారు. అర నిమిషంలో పని అయిపోతుంది. ఆ అర నిమిషంలో మామ్మగారు నేర్చుకున్నది ఒక్కటే: ఇది నా వల్ల అయ్యే పని కాదు. అందుకే పక్కన కూర్చున్నవాళ్ళ చేతులు వాళ్ళ ఒళ్ళోనే ఉండాలని మా సతీమణి కట్టడి చేసింది. నోటితో చెప్పాలి, నొక్కేది వాళ్ళ వేలే. కూలి పని చేసి వేళ్ళు గట్టిపడిన వాళ్ళకు తెర ఒకోసారి పలకదు. తడిగుడ్డతో వేలు తుడుచుకుంటే పలుకుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు, ఆమే కనిపెట్టింది.

తర్వాత చిరునామా. వెబ్‌సైటు పేరును పైన పట్టీలో పూర్తిగా రాస్తే నేరుగా ఆ ఇంటికే వెళతాం. ఊరికే పేరు వెతికితే వచ్చే వరుసలో పైన ఉన్నవి కొన్నిసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. వాటి మీద స్పాన్సర్డ్ అని చిన్నగా ఉంటుంది. ఆ ఇంగ్లీషు మాట చదవలేని వాళ్ళకు దాని ఆకారం కాగితం మీద పెద్దగా రాసి చూపిస్తున్నాం. రాయడం రానివాళ్ళు మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే చాలు, అదే రాసుకుంటుంది. మొదటిసారి తన మాట తెర మీద అక్షరాలుగా పడటం చూసి మేకలు కాసే ఒక పెద్దాయన ఫోను కింద పెట్టి చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత మూడు గీతలు. పేజీ మూలన ఒకదాని కింద ఒకటి ఉండే మూడు అడ్డగీతలు చాలా సైట్లలో ఉంటాయి. అవి నొక్కితే లోపల ఏమేమి ఉన్నాయో పట్టిక తెరుచుకుంటుంది. మూడు చుక్కలు కనబడినా అంతే. భాషల పట్టికలో తెలుగు ఎక్కడుందో వెతకడం మాకు బాగా నచ్చిన ఘట్టం. వయోజన బడిలో సంతకం వరకే నేర్చుకున్న ఒక అన్న, వంద భాషల వరుసలో తె అనే అక్షరాన్ని పట్టుకుని "ఇదే మనది" అని వేలు పెట్టాడు. ఆ ఒక్క అక్షరం చాలింది.

తర్వాత బాణం గుర్తు. కిందికి చూసే బాణం, దాని కింద ఒక గీత. చేదబావిలోకి దిగే బొక్కెనలా ఉందని ఒక అక్క అన్నారు. అప్పటి నుంచి మా చాపల మీద దాని పేరు బొక్కెన గుర్తే. నొక్కే ముందు ఫైలు పేరు చివర ఏముందో చూడాలి. ఎంపీ3 అని ఉంటే వినేది. పీడీఎఫ్ అని ఉంటే చదివేది. ఏపీకే అని ఉంటే అది యాప్. యాప్ కావాలంటే ప్లే స్టోరుకే వెళ్ళాలి, వేరే ఎక్కడా ఒప్పుకోవద్దు. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అని వచ్చినా, ట్రాఫిక్ చలానా అని వచ్చినా, చివర ఏపీకే ఉంటే తెరవకుండా తీసేయడమే. ఇంకొక మాట కూడా చెబుతాం. పాటకు మీ మెసేజీలు చదివే పనేముంది? పుస్తకానికి మీ ఓటీపీ ఎందుకు? అడిగిందంటే అది పాట కాదు, పుస్తకమూ కాదు.

"దించుకున్నాం అయ్యగారూ, అది ఎక్కడికి పోయింది?" శనివారాల్లో మేము ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. ఎక్కడికి పోయిందో తెలియక మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. ఒక అమ్మగారి ఫోనులో ఒకే కీర్తన తొమ్మిదిసార్లు ఉంది, పేరు పక్కన 1, 2, 3 అంకెలతో. ఫైల్స్ అనే యాప్‌లో డౌన్‌లోడ్స్ అని ఉంటుంది, దిగినవన్నీ అక్కడ చేరతాయి. ఇల్లు చూపించాక గాని ఆ గందరగోళం ఆగలేదు. ఫోను నిండిపోయి ఏమీ దిగకపోవడం ఇంకొక సమస్య. దానికి మూడు వంతుల కారణం పువ్వుల బొమ్మలతో వచ్చే శుభోదయాలు. అందులో మన సంఘం గ్రూపు వంతు కూడా ఉంది కాబట్టి దీని గురించి ఎక్కువ మాట్లాడం.

చివర ఒక పరీక్ష పెడతాం. విమానం గుర్తు నొక్కి నెట్ పూర్తిగా ఆపేయమంటాం. ఇప్పుడు వినబడుతోందా? వినబడితే అది మీ ఫోనులో ఉంది. ఆగిపోతే ఇంతసేపూ నెట్ మీద విన్నారన్నమాట, ఇంకా దించుకోలేదు. ఈ తేడా మాటలతో ఎంత చెప్పినా ఎక్కదు. విమానం గుర్తు నొక్కితే ఒక్కసారికే అర్థమవుతుంది.

దేని నుంచి దించుకోవాలని కూడా అడుగుతున్నారు. చదవగలిగినవాళ్ళకు యూవర్షన్ బైబిల్ యాప్ చాలు. అది 2008 నుంచి ఉంది, డబ్బు అడగదు, మధ్యలో ప్రకటనలు రావు, తెలుగు బైబిలు ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. వినేవాళ్ళ కోసం ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే సంస్థ నడిపే బైబిల్ డాట్ ఈజ్ ఉంది, తెలుగు కూడా ఉంది. చదువు రానివాళ్ళకు వాక్యం చెవి ద్వారా అందాలన్నదే ఆ సంస్థ పని. చదివిన మాట ఒక నిమిషం నిడివికి సుమారు అర ఎంబీ నుంచి ఒక ఎంబీ పడుతుంది. కొత్త నిబంధనలో అధ్యాయాలు 260. అన్నీ ఒకేసారి దించుకోవాలని ఆశపడకండి. ఒక సువార్తతో మొదలుపెట్టండి.

పుస్తకాల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్. అమెరికాలో బ్రూస్టర్ కాల్ అనే ఆయన 1996లో మొదలుపెట్టిన లాభాపేక్ష లేని గ్రంథాలయం అది. పాత తెలుగు పుస్తకాలు అక్కడ వేలుగా ఉన్నాయి. మన సంఘంలోని రిటైర్డు మాస్టారుగారు బైబిల్లోని పాత మాటలకు అర్థాలు చూసుకోవాలని సి.పి. బ్రౌన్ నిఘంటువు అడిగారు. పేజీ తెరిస్తే పుస్తకం బొమ్మ వచ్చింది, దించుకునే దారి కనబడలేదు. ఆ దారి కింద ఉంటుంది. పుస్తకం చూపించే కిటికీ దాటి వేలితో పైకి తోస్తూ పోతే డౌన్‌లోడ్ ఆప్షన్స్ అనే మాట, దాని కింద ఏడెనిమిది రకాల పేర్లు వస్తాయి. వాటిలో మనకు పనికొచ్చేది పీడీఎఫ్ ఒక్కటే. టెక్స్ట్ అని ఉన్నది చిన్నగా ఉంటుంది కదా అని దించుకుంటే, పాత తెలుగు అచ్చును యంత్రం చదవలేక పిచ్చి గీతలు ఇస్తుంది చాలాసార్లు. పీడీఎఫ్ మాత్రం పేజీ పేజీకీ ఫోటో, అందుకే బరువు. మాస్టారుగారు అది దిగేదాకా ఫోను వైపు చూస్తూ, ఆ రోజు రాత్రి భోజనానికి ఆలస్యంగా వెళ్ళారని వాళ్ళమ్మాయి మాకు ఫిర్యాదు చేసింది.

హక్కుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త అనువాదాలకు, ఇప్పటి గాయకుల పాటలకు హక్కులు ఉంటాయి. వాళ్ళే ఉచితంగా ఇచ్చిన చోట దించుకోండి. దించుకున్నదాన్ని చిప్పుల్లో ఎక్కించి అమ్ముకోవడం మన సాక్ష్యానికి తగినది కాదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. ఒక పెద్దాయన మాతో అన్నది ఇది: "అన్నీ నెట్‌లో ఉన్నాయి. ఆసక్తి ఉన్నవాడు తీసుకుంటాడు, లేనివాడు పోతాడు. దానికి మందిరంలో చాపలెందుకు?" మాకు వెంటనే అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని ఐతియొపీయుడు గుర్తొచ్చాడు. కందాకే రాణి ధనాగారం మీద అధికారి. సొంత రథం ఉంది. ఆ కాలంలో ఎంతమందికి దొరుకుతుందని, యెషయా గ్రంథం చేతిలో ఉంది. బిగ్గరగా చదువుతున్నాడు కూడా. ఆసక్తి లేదందామా, యెరూషలేము దాకా వచ్చి ఆరాధించి వెళుతున్నాడు. అన్నీ ఉండి కూడా దారి చూపేవాడు లేక అక్కడే ఆగిపోయాడు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్ళి ముందు ఏం చేశాడో చూడండి. ప్రసంగం మొదలుపెట్టలేదు. చదువుతున్నది అర్థమవుతోందా అని ఒక ప్రశ్న అడిగాడు. రమ్మన్నాక రథం ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ మనిషి ఏ భాగం చదువుతూ ఆగాడో ఆ భాగం నుంచే మొదలుపెట్టాడు. మా శనివారం బడికి ఇంతకంటే వేరే పాఠ్యప్రణాళిక లేదు.

వాక్యం ఉండటం వేరు, చేతికి అందటం వేరు. దీనికి మన తెలుగువాళ్ళ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1730ల మొదట్లోనే బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చు కాలేదు, చేతిరాతగానే ఉండిపోయింది. విశాఖపట్నంలో అగస్టస్ డి గ్రాంజెస్, ఆయనకు సహాయంగా ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి కష్టపడితే, మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి డి గ్రాంజెస్ బతికి లేడు. మధ్యలో పోయింది సుమారు ఎనభై ఏళ్ళు. ఆ ఎనభై ఏళ్ళూ తెలుగు వాక్యం ఉంది, తెలుగువాళ్ళకు అందలేదు. ఇవాళ ఒక తల్లి చేతిలో ఫోను ఉండి, అందులో నెట్ ఉండి, దాని అవతల లూకా సువార్త ఉండి, మధ్యలో ఒక బాణం గుర్తు అడ్డమైతే, అది ఎనభై ఏళ్ళ దూరం కంటే తక్కువేమీ కాదు ఆమెకు.

ఇంకొక అభ్యంతరం కొంచెం లోతైనది. "అయ్యా, నెట్ నేర్పితే రేపు ఎవరెవరి బోధో వింటారు. కానుక పంపితే జబ్బు పోతుందనేవాళ్ళు అందులోనే ఉన్నారు. మందిరానికి రావడం కూడా మానేస్తారు." ఈ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అటువంటి వీడియోలు మనం నేర్పకపోయినా వాట్సాప్‌లో వాటంతటవే ఇంటికి వస్తున్నాయి. వెతుక్కుంటూ వెళితేనే దొరికేది సువార్త. ఎవరో ఏదో చెబితే, అసలు వాక్యంలో ఏముందో తన ఫోనులోనే తెరిచి చూసుకోగలిగిన విశ్వాసిని మోసం చేయడం కష్టం. మమ్మల్ని కూడా ఆ మాటే అడగవచ్చు, అడుగుతున్నారు కూడా. అందులో మాకు నష్టమేమీ కనబడలేదు. బాప్తిస్మం అయిన వెంటనే ఫిలిప్పును ఆత్మ తీసుకుపోయాడు, ఆయన అజోతులో కనబడ్డాడు. ఐతియొపీయుడు తన గ్రంథంతో తన దారిన సంతోషంగా వెళ్ళాడు.

మందిరానికి రావడం మానేస్తారా అన్నదానికి ఒక సంగతి చెబుతాం. అరవై దాటిన ఒక సహోదరి, పేరు రాయం, కొండ వైపు బత్తాయి తోటకు కాపలా ఉంటారు. చదువు రాదు. ఒక్కగానొక్క కొడుకు మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయి ఆరేళ్ళయింది. మనవడు వాడి వదిలేసిన పగిలిన ఫోను ఆమెది. ఐదు శనివారాలు వచ్చి లూకా సువార్త 24 అధ్యాయాలూ తన వేలితో తానే దించుకున్నారు. ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, ఆమెకు చదవడం రాదు కాబట్టి పైనుంచి లెక్కపెట్టుకుంటారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫోను వరుస పెట్టేటప్పుడు 1 తర్వాత 10, 11, 12 పెట్టి, ఎప్పుడో 2 దగ్గరికి వస్తుంది. ఏడోది లెక్కపెడితే పదిహేనో అధ్యాయం మోగుతోంది. అందుకని పేర్లకు ముందు సున్నా చేర్చి 01, 02 అని మార్చుకోవడం కూడా ఆమెకు నేర్పాం. మీ ఇళ్ళలో ఈ ఇబ్బంది ఉంటే ఇదే ఉపాయం.

ఆమె వింటున్నది ఎక్కువగా ఏడో అధ్యాయమేనని మనవడు చెప్పాడు. నాయీను ఊరి విధవరాలి కొడుకును ప్రభువు బతికించిన అధ్యాయం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఆగి మమ్మల్ని అడిగారు: "అయ్యగారూ, ఆ పిల్లోడు లేచి కూచుని మాట్లాడాడంట గదా. ఏం మాట్లాడాడో చెప్పలేదే. నా ఫోనులో ఏమన్నా తెగిందా?"

మేము ఆ అధ్యాయం సెమినరీలో చదివాం, పరీక్ష రాశాం, ఎన్నో సమాధి కూడికల్లో ప్రసంగించాం. ఆ పిల్లవాడు ఏమన్నాడో రాసి లేదని ఏనాడూ ఆగి చూడలేదు, ఎవరూ మమ్మల్ని అడగనూ లేదు. ఆమె ఫోను తెరిచి, ఆ చోటికి జరిపి, ఇద్దరం విన్నాం. ఏమీ తెగలేదు.

"రాయలేదమ్మా, ఫైలు బాగానే ఉంది" అన్నాం.

"రాయకపోతే మాన్లెండి" అన్నారామె, ఫోను కొంగులో చుట్టుకుంటూ. "అమ్మా అనే అనుంటాడు."

ఆ సహోదరి మందిరానికి రావడం మానలేదు. నిన్నటి వారం మార్కు సువార్త కూడా కావాలని అడిగి వెళ్ళారు.

పట్నాల్లో ఉన్న మన బిడ్డలకు ఒక విన్నపం. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మ ఫోను లాక్కుని అన్నీ పెట్టేసి వెళ్ళిపోకండి. ఒక గంట పక్కన కూర్చోండి. ఫోనులో పనికిరాని బొమ్మలు ఆమెను అడిగి తీసేయించండి. సెట్టింగుల్లో భాష తెలుగుకు మార్చండి, అక్షరాల సైజు పెంచండి. దూరం నుంచి ఫోనులో చెప్పవలసి వస్తే "అక్కడ నొక్కు, ఇక్కడ నొక్కు" అనకండి. "ఇప్పుడు నీకు ఏం కనబడుతోంది?" అని ముందు అడగండి. ఆమె చెప్పింది విన్నాకే తర్వాతి మాట. మూడోసారి అడిగినా విసుక్కోకండి. మీకు గుణింతాలు ఎన్నిసార్లు దిద్దించిందో ఆమె లెక్కపెట్టలేదు.

ఈ శనివారం సాయంత్రం ఐదున్నరకే మొదలుపెడుతున్నాం, ఆరున్నరకు కరెంటు పోతుందని చెప్పారు. మార్కు సువార్త, 16 అధ్యాయాలు. ఛార్జరు ఇంట్లోనే పెట్టేసుకుని రండి, మందిరంలో ప్లగ్గులు రెండే ఉన్నాయి. కళ్ళజోళ్ళు మరచిపోవద్దు. పక్కన కూర్చోవడానికి యవ్వనస్థులు ఇంకా నలుగురు కావాలి. చేతులు ఒళ్ళో పెట్టుకోగలిగినవాళ్ళు మా సతీమణికి పేర్లు ఇవ్వండి.